నత్తగుల్ల తలుపు గారికి

మహారాజశ్రీ నత్తగుల్ల తలుపు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తోటనత్తల్ని పెట్టెల్లో పెంచుకునే మేమంతా ఇక్కడ కులాసా. తమరి వెనకాల ఉన్నవారు కులాసానో కాదో తమరే చెప్పాలి. చెప్పరు. వారాల తరబడి చెప్పరు. ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది అందుకే.

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. శాస్త్రం చదివినవాళ్ళు తమర్ని ఎపిఫ్రామ్ అంటారు. పేరు వింటే ఏదో కోట దర్వాజా అనుకుంటాం గానీ, తమరు అసలు ఎండిన జిగురు. గాలిలో తేమ తగ్గినా, వేడి ముదిరినా, చలి ఎక్కువైనా నత్త ఒళ్ళంతా గుల్లలోకి లాక్కుని మూతి దగ్గర జిగురు పూస్తుంది. అది ఆరితే తమరు. తోటనత్తకైతే ఉల్లిపొరలా ఉంటారు. చలికాలమంతా పడుకునే రోమన్ నత్తకైతే సున్నం కలుపుకుని సుద్దబిళ్ళలా తయారవుతారు. లోపలివారికి ఊపిరాడేంత గాలిని రానిస్తూనే, ఒంట్లో నీరు ఆవిరైపోకుండా కాపలా కాస్తారు. గడియా గొళ్ళెం లేకుండా ఇంత పని చేసే తలుపు ఏ వడ్రంగీ చెయ్యలేడు. ఆ మాట ఒప్పుకున్నాకే తగువుకు దిగుతున్నాం.

తమరు మూసుకోగానే కొత్తగా నత్తల్ని పెంచేవాళ్ళు "పాపం, అలిసి నిద్రపోయింది" అని మురిసిపోతారు. అది నిద్ర కాదు, మా కాపురం మీద తమరు అంటించిన నోటీసు. చదవడం రావాలంతే. మూతకు గాలి కన్నాలు మరీ ఎక్కువై పెట్టె ఎండిపోతే మూసుకుంటారు. కిటికీ ఎండ నేరుగా పడి గాజుగోడ కాలుతున్నా మూసుకుంటారు. అడుగున మట్టి బురదై కంపు కొడుతుంటే నత్తలు గోడలెక్కి మూతకు అతుక్కుంటాయి, అప్పుడూ తమరే ప్రత్యక్షం. మట్టిని పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ళ సందున నీళ్ళు కారకూడదు. మట్టి అలా ఉండి, గది 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే తమరికి సాధారణంగా పని ఉండదు. అదంతా చూసుకునే ఓపిక లేనివాళ్ళు నేరుగా తమరి మీద పడతారు.

ఎలా పడతారంటారా? కుంభకర్ణుణ్ణి లేపడానికి బయల్దేరినట్టు. ఒకరు వేడినీళ్ళు పోస్తారు. ఒకరు జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పెడతారు. అది అసలే ఎండి మూసుకున్నదాన్ని ఇంకా ఎండబెడుతుంది. ఇంకొకరు గిన్నెడు నీళ్ళలో ముంచి "లేస్తుందిలే" అని పక్కకు వెళ్ళిపోతారు. తోటనత్తకు ఉన్నది ఊపిరితిత్తి, మొప్పలు కావు. మెడ పక్కన కుడివైపున ఉండే ఊపిరి కన్నం నీళ్ళలో మునిగితే అది లేవడం మాట అటుంచి, మునిగి చస్తుంది.

అందరికంటే ఘనులు గోరుతో గీకేవాళ్ళు. తమరి వెనకే మాంటిల్ అనే మెత్తటి అంచు ఆనుకుని ఉండొచ్చు. గుల్లను కట్టే మేస్త్రీ అదే. దానికి గోరు తగిలి చిరిగితే ఆ తర్వాత పెరిగే గుల్ల వంకరపోతుంది. పిల్లనత్తకైతే గుల్ల పెదవి ఇంకా కాల్చని కుండ అంచులా ఉంటుంది, వేలితో నొక్కితేనే విరుగుతుంది. గాజుకు అతుక్కున్నదాన్ని సూటిగా లాగడం మరో ఘనకార్యం. గుల్ల లోపలి స్తంభానికి ఒంటిని కట్టి ఉంచే కండరం దెబ్బతినొచ్చు. అతుకు చుట్టూ నీళ్ళు చల్లి, పది నిమిషాలాగి, పక్కకు జరిపితే జారి వచ్చేస్తుంది. రాకపోతే ఇంకోసారి తడపాలి. ఇందులో బలప్రదర్శనకు చోటే లేదు.

తమరికి కావలసింది వాన, అంతే. ఆ వానను మేము ఎలా కురిపించాలో కూడా వినండి. కుళాయి నీళ్ళు ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమైన్ కలిపిన నీళ్ళయితే అలా పోదు, చేపల తొట్టెలకు వాడే నీటి మందు వెయ్యాలి. నీళ్ళు గది వేడిలోనే ఉండాలి. తడిపిన మెత్తటి కాగితాన్ని పళ్ళెంలో పరిచి, గుల్ల మూతి దానికి తగిలేలా పడుకోబెట్టాలి. పెట్టె గోడల మీద, తమరి మీద మంచులా రెండు మూడుసార్లు చల్లాలి, గొట్టంతో కొట్టినట్టు కాదు. నత్తలది రాత్రి బతుకు కాబట్టి పొద్దుగుంకాక, దీపం తగ్గించి చెయ్యడం మేలు. చలిలో ఉంచి పడుకోబెట్టినదైతే, 5 డిగ్రీల నుంచి ఒక్కసారిగా వెచ్చటి గదిలోకి తేకుండా ఒక రోజంతా కొంచెం కొంచెంగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే తడి.

అప్పుడు తమరి పొగరు దిగడం చూడాలి! తెల్లగా పెళుసుగా ఉన్నవారు గాజులా పారదర్శకమవుతారు. నడుమ ముడత పడుతుంది, ఒక అంచు లేస్తుంది. ఆ సందులోంచి ఓ బుడగ పొంగి పగులుతుంది. వెనకే బూడిదరంగు మాంసం, తడికి మెరుస్తూ, మడత విప్పుకుంటుంది. చివరికి కళ్ళ కొమ్ములు, తిరగేసిన చొక్కా చెయ్యి సరిచేసినట్టు లోపల్నుంచి బయటికి వస్తాయి. ఇదంతా పది నిమిషాల్లో కావచ్చు, రాత్రంతా పట్టొచ్చు. తెల్లారినా కదలకపోతే మర్నాటి సాయంత్రం మళ్ళీ వాన. అంతేగానీ గంటకోసారి ఎత్తి ఊపి చూడకూడదు.

తమరి మౌనాన్ని చావనుకున్న పెద్దలూ ఉన్నారు. 1846 మార్చిలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు ఎడారి నత్త ఒకదాన్ని, ఖాళీ గుల్ల అనుకుని, అట్టకు అంటించి పెట్టారు. 1850 మార్చిలో చూస్తే అట్ట రంగు మారి ఉంది, గుల్ల మూతికి మెరిసే పొర ఉంది. లోపలివారు బయటికొచ్చి, అట్టను వదిలించుకోలేక, మళ్ళీ వెళ్ళి తలుపేసుకున్నారన్నమాట. గోరువెచ్చని నీళ్ళలో పెడితే లేచి ఇంకో రెండేళ్ళు బతికింది. విద్వాంసులకే నాలుగేళ్ళు పట్టింది, మాబోటి వాళ్ళెంత? (ఎడారి మొండిఘటం నెగ్గుకొచ్చింది కదా అని తోటనత్తను నీళ్ళలో వెయ్యకండి, బాబూ.)

చచ్చిందో బతికిందో తేల్చడానికి మాకు మిగిలింది ముక్కు. కుళ్ళు వాసన కొడితే ఇక వానలు అనవసరం. వాసన లేకపోతే చీకట్లో గుల్ల వెనక టార్చి పెట్టి చూస్తాం. లేత గుల్లయితే లోపల నల్లటి నీడ కనిపిస్తుంది, ఒక్కోసారి గుండె కొట్టుకోవడమూ కనిపిస్తుంది. తమరి వెనక రెండో పొర, మూడో పొర కనిపిస్తే మాత్రం మాకు సిగ్గేస్తుంది. నిద్ర సాగేకొద్దీ నత్త ఇంకా లోతుకు జరిగి ఇంకో తలుపు వేసుకుంటుంది మరి. ఒక్కో తలుపుకీ ఒంట్లో నీరే ఖర్చు. అందుకే రాత్రి వాన కురిపించి పొద్దున పెట్టెను ఎడారి చేసేవాళ్ళ కంటే అసలు లేపనివాళ్ళే నయం.

లేచినవారికి మా మర్యాదలు: ముందు నీళ్ళు, మూడు మిల్లీమీటర్ల లోతు మించని మూతలో. తర్వాత దోసముక్క, పాలకూర. పక్కన కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ ఒంట్లోని సున్నపు పెంకు) గానీ, మెత్తగా దంచిన గుడ్డుపెంకు గానీ తప్పకుండా ఉండాలి, గుల్లకు సున్నం అదే. మొదటి రాత్రి తినకపోయినా కంగారు లేదు. ఉప్పు తగిలినది మాత్రం ఏదీ పెట్టం.

ఇట్లు,
స్ప్రే సీసా పట్టుకుని తమరి గుమ్మంలో కూర్చున్నవాళ్ళం.

తా.క.: లోపలివారు లేచి వెళ్ళిపోయాక పెట్టె మూతకు అంటుకుని మిగిలిన తమరి పాత పొరల్ని గీకడానికి గోరు వాడుకుంటాం. ఇప్పుడు అభ్యంతరం ఉండదనుకుంటాం.