ఏసీబీ వలకు చిక్కినవారు ఫైళ్లలో తప్పించుకుంటున్నారు

తహసీల్దారు కార్యాలయంలోనో, విద్యుత్ శాఖలోనో లంచం తీసుకుంటూ అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కి దొరికిపోయిన ఉద్యోగి ఫొటో పత్రికల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ కేసు చివరికి ఏమైందన్న వార్త మాత్రం అరుదు. తెలుగు రాష్ట్రాల్లో అవినీతి నిరోధక విధానం దెబ్బతింటున్నది అరెస్టు తరువాతి దశలోనేనని, అందుకు ప్రధాన కారణం కోర్టులో కేసు నడపడానికి ఇవ్వాల్సిన ప్రాసిక్యూషన్ అనుమతి అధికారం నిందితుడి సొంత శాఖ చేతిలో ఉండటమేనని నా నిశ్చితాభిప్రాయం.

ఒక ట్రాప్ కేసు ఎంత పకడ్బందీగా మొదలవుతుందో చూడండి. లంచంగా ఇవ్వబోయే నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పొడి పూసి ఫిర్యాదుదారు చేత పంపిస్తారు. వాటిని అందుకున్న ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచగానే అది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ ద్రావణాన్ని సీసాల్లో పోసి, మధ్యవర్తుల సమక్షంలో సీలు వేసి, పంచనామా రాస్తారు. ఇన్ని ఆధారాలున్న కేసు కూడా అనుమతి కోసం సచివాలయం గడప దగ్గర నిలబడాల్సిందే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ ఉద్యోగిని తొలగించే అధికారం ఉన్నవారు అనుమతించనిదే కోర్టు కేసును విచారణకు స్వీకరించదు. 2018 సవరణ ఈ నిర్ణయానికి మూడు నెలలు, న్యాయసలహా అవసరమైతే మరో నెల గడువు పెట్టింది. ఆ గడువు తప్పనిసరి అని 2022లో విజయ్ రాజమోహన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు దాటినంత మాత్రాన కేసు కొట్టివేయనక్కర్లేదని, జాప్యానికి మాత్రం ఆ అధికారి జవాబుదారీ అని, సంజాయిషీ అడిగే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌దని చెప్పింది. కానీ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు ఆ కమిషన్ పరిధిలోకి రారు. కాబట్టి మన దగ్గర ఫైలు తొక్కిపెట్టిన అధికారిని ఆ కమిషన్ నిలదీయలేదు.

నిజాయతీపరులను కక్షపూరిత కేసుల నుంచి కాపాడటానికే ఈ అనుమతి అన్న వాదన ఉంది. విధాన నిర్ణయాలకు సంబంధించిన కేసుల్లో ఆ రక్షణ అవసరమే. చేతిలో నోట్లతో దొరికినవారి విషయంలో అంత సుదీర్ఘ పరిశీలన దేనికి? దర్యాప్తుకు ముందస్తు అనుమతి కోరే అదే చట్టంలోని 17ఎ సెక్షన్ సైతం అక్కడికక్కడే పట్టుబడినవారిని మినహాయించింది.

ఈ జాప్యానికి అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించేది ఫిర్యాదుదారు. అతని పట్టాదారు పాస్‌పుస్తకం పని ఆ కార్యాలయంలోనే, నిందితుడి సహోద్యోగుల బల్లమీదే ఉంటుంది. ఏళ్ల తరబడి వాళ్ల చుట్టూ తిరిగినవాడు సాక్షి బోనులో మాట మార్చాడంటే ఆశ్చర్యమేముంది? అలాంటి కేసులోనూ పరిస్థితుల సాక్ష్యంతో లంచం డిమాండును రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు కేసును నిలబెట్టగలదేమో గానీ, అతని పాస్‌పుస్తకం తెచ్చిపెట్టలేదు.

దీని వెనుక ఇంకా పెద్ద లోపం ఉంది. వినీత్ నారాయణ్ కేసులో 1997 నాటి తీర్పు పుణ్యమా అని సీబీఐ డైరెక్టరుకు కనీసం రెండేళ్ల పదవీకాలం దక్కింది. మన ఏసీబీ అధిపతికి అలాంటి చట్టబద్ధ రక్షణ లేదు. సిబ్బందిలో అధికులు పోలీసు శాఖ నుంచి డిప్యుటేషన్‌పై వచ్చి తిరిగి అక్కడికే వెళ్లాల్సినవారు. పాలకుల దయ మీద కుర్చీ నిలిచే సంస్థ, అదే పాలకుల కింది శాఖలపై అనుమతి కోసం ఒత్తిడి తేగలదని నమ్మడం కష్టం.

పదవీకాలానికి చట్టం కావాలి, దానికి సమయం పట్టవచ్చు. ఈలోగా ప్రతి అనుమతి ఫైలు ఏ తేదీన వచ్చింది, ఏ హోదా అధికారి దగ్గర ఉంది, ఎప్పుడు తేలిందన్న వివరాలను శాఖలవారీగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందుకు శాసనసభ దాకా వెళ్లనక్కర్లేదు, సాధారణ పరిపాలన శాఖ ఒక్క జీవో ఇస్తే చాలు.