బజ్జీకీ కండకూ గల సంబంధం

ఈ తరం పిల్లలకు ఒళ్ళు వంచడం తెలియదని, తిండి మీద అదుపు లేదని హైదరాబాద్ పెద్దమనుషులు తరచూ వాపోతుంటారు. అలా వాపోయేవారిలో చాలామంది తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అక్కడినుంచి కారెక్కి నేరుగా నేతి ఇడ్లీ బండి దగ్గర దిగేవారేనన్న సంగతిని ప్రస్తుతానికి పక్కన పెడదాం. వారి ఆరోపణ నిరాధారమని నిరూపించడమే నా ఉద్దేశం. మన నగర కౌమారంలో వ్యాయామానికీ తిండికీ విడదీయరాని బంధం ఉంది. దాన్ని నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడిలో చాలాకాలంగా పరిశీలిస్తున్నాను.

వాడి జిమ్ము ఇంటికి అర కిలోమీటరు దూరం కూడా లేదు. అయినా, కసరత్తుకు ముందే కాళ్ళు అలిసిపోతే కసరత్తు ఏం చేస్తాడన్న గంభీరమైన ప్రశ్న వేసి, మా చెల్లెలు వాణ్ణి స్కూటీ మీద దింపి వస్తుంది. అక్కడ వాడు ట్రెడ్‌మిల్ మీద అరగంట నడుస్తాడు, అంటే నడవకుండా వెళ్ళిన చోట నడుస్తాడు. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి మోచేయి మడిచి, ఇంకా బయటపడని కండకు నాలుగు కోణాల్లో ఫొటోలు తీస్తాడు. తిరుగుదారిలో మిర్చి బజ్జీల బండి ఉంటుంది. మొన్న నేనూ వెంట వెళ్ళాను. బండివాడు బజ్జీని నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మచెక్క పిండి, దినపత్రిక ముక్కలో పెట్టి ఇచ్చాడు. కాసేపట్లో నూనెకు ఆ కాగితం అద్దంలా మారి వెనకవైపు అక్షరాలు కూడా చదవడానికి వీలుగా కనిపించాయి. నేను వాటిని చదివే ప్రయత్నంలో ఉండగా, "శనగపిండంటే ప్రోటీనే కదా మామా" అన్నాడు మావాడు. కాదనలేకపోయాను.

బజ్జీల మీదికి వాడు తాగిన కూల్‌డ్రింక్ లెక్క మాత్రం నేను వేశాను. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. గ్రాముకు 4 కేలరీల చొప్పున అది 120 పైమాటే. ట్రెడ్‌మిల్ మీది అరగంట నడకలో ఖర్చయ్యేదీ దాదాపు అంతే. అంటే ఖర్చుకూ జమకూ సరిపోయింది, బజ్జీలు నికర లాభం. ఇంత కచ్చితంగా పద్దు రాసే కుర్రాణ్ణి ఎంపీసీలో కాక సీఈసీలో చేర్పించవలసిందని నాకు గట్టిగా అనిపించింది.

11 నుంచి 17 ఏళ్ళవారు రోజుకు సగటున 60 నిమిషాలైనా చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఆ వయసువారిలో 81 శాతం మంది అంత కదలడం లేదట. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలను ఈ విషయంలో నిందించడం అన్యాయం. వాటికి ఆటస్థలం ఉంది, రంగుల బ్రోచర్‌లో మూడో పేజీలో పచ్చగా ఉంది. తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్‌కూ రాత్రి జరిగే స్టడీ అవర్‌కూ మధ్య పిల్లలకు మిగిలిన ఏకైక క్రీడ క్యాంటీన్ కౌంటర్ దగ్గరి తోపులాట, అందులో ట్రోఫీ సమోసా. ఆడపిల్లలకు ఆ పోటీలోనూ ప్రవేశం తక్కువే. పదమూడో ఏట "ఇంక ఆటలు చాలు, లోపలికి రా" అని పిలిచిన అమ్మమ్మే, ఇరవై రెండో ఏట పెళ్ళిచూపులకు ముందు సన్నబడమని మెంతుల నీళ్ళు పడుతుంది.

పోనీ, చెప్పేవారు లేరా అంటే మన ఊళ్ళోనే ఉన్నారు. 1918లో కూనూరులో ఒక్క గదిలో పుట్టిన సంస్థ, పని ఎక్కడ ఎక్కువ దొరుకుతుందో పసిగట్టినట్టు, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా స్థిరపడింది. కండ పెంచడానికి ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. మావాడి డబ్బా మాత్రం వంటింట్లో కందిపప్పు డబ్బాను వెనక్కి నెట్టి, దాని స్థానంలో నిలబడింది.

ఇక నా సిద్ధాంతానికి తిరుగులేని రుజువు గత శనివారం రాత్రి దొరికింది. మావాడు షవర్మా తెప్పించుకున్నాడు. వాళ్ళుండేది నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. కిందికి వెళ్ళి తెచ్చుకోరా అంటే, "ఇవాళ లెగ్ డే మామా, మెట్లు దిగలేను" అన్నాడు. హెల్మెట్ తీయకుండానే మెట్లెక్కి వచ్చిన కుర్రాడికి పందొమ్మిదేళ్ళుంటాయేమో. మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఎత్తిపట్టి గటగటా తాగాడు. తిన్నావా బాబూ అని అడిగాను. "ఇంకా రెండు ఆర్డర్లున్నయ్ సార్, అయినంక తింట" అన్నాడు. వీరిద్దరినీ కలిపి ఒకే కుర్రాడిగా లెక్కిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగిన 60 నిమిషాలూ దండిగా పూర్తవుతాయి, ఆహారానికీ ఏ లోటూ ఉండదు. విడివిడిగా చూసేవారికే ఇందులో సమస్య కనిపిస్తుంది.

మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాటకముందే మావాడు సగం షవర్మా పూర్తిచేశాడు.