డ్రమ్ము ఎప్పుడు ఖాళీ అయింది?

పొద్దున లేచేసరికి బాత్రూంలో డ్రమ్ము ఖాళీ. అడుగున కుళాయి కాస్త తెరిచే ఉంది. మా పిన్నికి కావాల్సింది ఒక్కటే, అది ఎప్పుడు ఖాళీ అయిందో తేలాలి. అర్ధరాత్రయితే సెకండ్ షో చూసొచ్చి బాత్రూంలో దూరిన కొడుకు దొంగ, తెల్లవారుజామునైతే నాలుగింటికే లేచే అత్తగారు. రెండోది తేలితే ఇంట్లో ఏమవుతుందో తలుచుకుంటేనే టెన్షన్.

బాబాయి రిటైరైన లెక్కల లెక్చరర్, ఇలాంటి అవకాశం వదలడు. పాల చీటీ తిరగేసి మొదలుపెట్టాడు. అడుగున చిల్లు నుంచి నీళ్లు దూకే వేగం నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని 17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి చెప్పాడు, కాబట్టి ఎత్తు తగ్గే రేటు కూడా అంతే, ఇదిగో అవకలన సమీకరణం. నిండు డ్రమ్ము నుంచి ముందుకు వెళ్తే జవాబు ఒక్కటే. ఖాళీ డ్రమ్ము నుంచి వెనక్కి వెళ్తే మాత్రం పన్నెండింటికి ఖాళీ అయిందన్నా, నాలుగున్నరకి అయిందన్నా సమీకరణం తల ఊపుతుంది.

"అదేం లెక్కండీ?" అంది పిన్ని.

"వినవే. రేటు చెప్పే ప్రమేయం ఎక్కడా తెగకుండా అవిచ్ఛిన్నంగా ఉంటే చాలు, సమీకరణానికి సాధన, అంటే జవాబు, ఉంటుందని 1886లో పెయానో అనే గణితవేత్త చెప్పాడు. అది ఒక్కటే అనాలంటే లిప్షిట్జ్ షరతు ఉంటే ధీమా. ఎత్తు కొంచెం మారితే రేటు మరీ విపరీతంగా మారకూడదన్నమాట. వర్గమూలం గ్రాఫు సున్నా దగ్గర నిట్టనిలువుగా లేస్తుంది, అక్కడ షరతు చెడింది."

"అంటే దొంగ దొరకడా?"

"అనంతమంది దొరుకుతారు."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నిండు డ్రమ్ము ఎంతసేపట్లో కారిపోతుందో చూపిస్తానని ఇంటర్ పద్ధతిలో చలరాశులను విడదీశాడు. ఇంటర్లో స్థిరాంకం మర్చిపోతే మార్కులు కోస్తారు గానీ, భాగించేటప్పుడు ఏం జారిపోయిందో పెద్దగా ఎవరూ అడగరు. వాళ్ల అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఇడ్లీ తింటూనే అడిగింది.

"నాన్నా, ఎత్తు వర్గమూలంతో భాగించావుగా, ఎత్తు సున్నా అయితే?"

"అయితే?"

"ఎప్పుడూ సున్నాగానే ఉన్నా నీ సమీకరణం సరిపోతుంది కదా. నువ్వు భాగించేసరికి ఆ సాధన ఎగిరిపోయింది."

అంటే రాత్రి డ్రమ్ము అసలు నిండనే లేదు. పడుకునే ముందు మోటార్ వేసి డ్రమ్ము నింపడం బాబాయి డ్యూటీ. కొడుకు మంచం మీద లేచి కూర్చున్నాడు. జపం చేసుకుంటున్న అత్తగారు కూడా ఒక కన్ను తెరిచారు.

"రాత్రి మోటార్ వేశారా?" అంది పిన్ని.

"ప్రారంభ విలువ ఇవ్వకుండా ఎలా చెప్పగలం?" అన్నాడు బాబాయి, పాల చీటీ మడతపెడుతూ.

పిన్ని లోపలికెళ్లి రెండు బిందెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. కరెంటు లేదు, మోటార్ పనిచేయదు, పంపు మూడంతస్తుల కింద ఉంది.

"లిఫ్టూ రాదు నాన్నా," అంది అమ్మాయి చట్నీ వేసుకుంటూ.