మందిరపు గోడమీది పటం గారికి

మహారాజశ్రీ సంఘ పరిపాలనా క్రమ పటం గారికి,

అద్దపు చట్రంలో దుమ్మూ ధూళీ సోకకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తూ, మీలో అన్నిటికంటే కిందనున్న ‘సభ్యులు’ అనే పెట్టెలోంచి ఒకడు రాసుకుంటున్న విన్నపం.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక జరిగిన సర్వసభ్య సమావేశాన్ని మీరూ చూశారు. తలుపు తెరిచే ఉంది, మీరు దానికి ఎదురుగానే వేలాడుతున్నారు. మాకు పంచిన జమాఖర్చుల కాగితంలో మందిర విస్తరణ నిధికి ఎదురుగా ‘ఇతరములు’ అనే ఒక్క మాట ఉండటం, ఆ మాట పక్కనున్న అంకె తక్కిన ఖర్చులన్నీ కలిపినా వాటికంటే పెద్దదై ఉండటం, నేను చెయ్యెత్తి లేచి “అయ్యా, ఈ ఇతరములు అంటే...” అనేంతలో అధ్యక్షత వహిస్తున్న పెద్ద “ప్రార్థన చేద్దాం” అనడం, అందరితోపాటు నేనూ తల వంచి కళ్ళు మూసుకోవడం, ఇదంతా మీ ఎదుటే జరిగింది. సంఘ ఐక్యత కోసం, సణుగుడు స్వభావం నుంచి విడుదల కోసం ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. ఆమేన్ చెప్పి కళ్ళు తెరిచేసరికి నా ఒళ్ళోని కాగితం లేదు. పరిచారకులు వరుసల వెంట నడిచి కాగితాలన్నీ సర్దేశారట. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని సండే స్కూల్లో మాకు నేర్పినవారు ఆ పాఠం ఇలా అక్కరకు వస్తుందని అనుకొని ఉండరు.

“సందేహముంటే పద్ధతి ప్రకారం వెళ్ళాలి బ్రదర్, గోడమీద పటం చూడలేదా?” అని ఒక పరిచారకుడు మందలించాడు. చూశాను. మీ బాణాల వెంట బుద్ధిగా నడిచాను. పరిచారకుడు కోశాధికారి దగ్గరికి పొమ్మన్నాడు. కోశాధికారి తాను లెక్క రాసేవాడినే తప్ప చెప్పేవాడిని కానని, పెద్దలను అడగమన్నాడు. పెద్దలలో ఒకాయన భోజనం ముగించుకొని వచ్చి, విస్తరణ నిధి ఆత్మీయ వ్యవహారం గనుక అది మా సంఘ కాపరి అయ్యగారి పరిధిలోనిదన్నాడు. అయ్యగారు విశ్రాంతిలో ఉన్నారని, పైగా ఆయన పర్యవేక్షణ మండలికి తప్ప మరెవరికీ జవాబుదారులు కారని కార్యదర్శి చెప్పాడు. మరి ఆ మండలికి మొర పెట్టుకునే దారి ఏమిటని అడిగితే, సభ్యులు తమ సందేహాలను సర్వసభ్య సమావేశంలో లేవనెత్తవచ్చునని, అది ఏటా ఒక్కసారి జరుగుతుందని, ఈ ఏటిది ఇంతకుముందే ప్రార్థనతో ముగిసిందని ఎంతో మర్యాదగా వివరించాడు. అప్పటికి సాయంకాలపు ఆరాధన కోసం వాద్యాలు శ్రుతి చేస్తున్నారు.

మీ నిర్మాణ కౌశలాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. లోకంలోని సంఘాలు తమ నాయకులను అదుపులో ఉంచుకోవడానికి ముఖ్యంగా మూడు దారులు తొక్కాయి. కొన్నిచోట్ల కాపరిపైన బిషప్పు ఉంటాడు. కొన్నిచోట్ల పెద్దల సభలు అంచెలంచెలుగా ఉంటాయి; ప్రెస్బిటీరియన్ క్రమంలోనైతే కాపరి తాను బోధించే సంఘానికి కాక ప్రాంతీయ సభకు సభ్యుడు గనుక, అతనిమీద ఫిర్యాదు వస్తే విచారించేది అతని ఎదుట కూర్చొని ప్రసంగం వినేవారు కాదు, ఆ సభ. మరికొన్నిచోట్ల సభ్యులే చేతులెత్తి తేల్చుకుంటారు. తమరు మాత్రం ఈ మూడింటినీ ఆదరించి, మొదటిదాంట్లోంచి బిషప్పును తీసేసి పెత్తనాన్ని ఉంచుకున్నారు, రెండోదాంట్లోంచి సభను తీసేసి పెద్దలనే పేరును ఉంచుకున్నారు, మూడోదాంట్లోంచి చేతులెత్తడాన్ని తీసేసి కళ్ళు మూసుకోవడాన్ని ఉంచుకున్నారు.

ఇక తమ శిరోభాగాన బంగారు రంగులో మెరిసే పర్యవేక్షణ మండలి సంగతి. అందులో ముగ్గురున్నారు, ముగ్గురూ వేరే సంఘాల కాపరులు. ఆ మూడు సంఘాల పర్యవేక్షణ మండలుల్లోనూ మా అయ్యగారు సభ్యులు. వారి వార్షికోత్సవాల్లో ఈయన వాక్యం చెబుతారు, మా వార్షికోత్సవంలో వారు చెబుతారు. ఒంటె పెళ్ళికి గాడిద పాడితే రూపాన్ని గాడిద, గాత్రాన్ని ఒంటె పొగుడుకున్నట్టుగా ఈ పర్యవేక్షణ సాగుతోంది. ఇన్నేళ్ళలో ఆ మండలి మా సంఘానికి రాసిన ఉత్తరం నేను చూసింది ఒక్కటే, అదీ శుభాకాంక్షల కార్డు.

కోశాధికారి అయ్యగారి బావమరిది అని, కార్యదర్శి అల్లుడు అని చెప్పి నేను ఎవరినీ తప్పుపట్టను. దైవభక్తి కుటుంబాల్లో పారడం మంచిదే. కాకపోతే రోమన్ కాథలిక్కుల 1983 నాటి ధర్మశాస్త్రంలో 492వ నిబంధన, ప్రతి మేత్రాసనంలోనూ, అంటే ఒక బిషప్పు ఏలుబడిలోని ప్రాంతంలోనూ, కనీసం ముగ్గురితో ఆర్థిక మండలి ఉండాలని చెప్పి, బిషప్పుకు నాలుగో మెట్టు వరకు రక్తబంధువులను, వివాహ బంధువులను అందులోకి రానివ్వకూడదంటుంది. బిషప్పుకు పెళ్ళే ఉండదు, అయినా తోబుట్టువుల మొగుళ్ళను సైతం తలుచుకొని ముందే తలుపు వేసుకున్నారు. మనమేమో తలుపు తీసి, కుర్చీ వేసి, తాళంచెవుల గుత్తి చేతికిచ్చాము.

ఇవన్నీ మింగగలను. నేను మింగలేనిది ‘ఇతరములు’.

ఎందుకంటే, అయ్యగారు విస్తరణ నిధికి పిలుపునిచ్చిన ప్రతి ఆదివారమూ బైబిలులో నిర్గమకాండమే తీశారు. అరణ్యంలో ప్రజలు దేవుని ఆరాధనకు వేసే ప్రత్యక్షగుడారం కోసం బంగారం, వెండి, ఇత్తడి ఎలా తెచ్చి కుమ్మరించారో, ఇక చాలునని మోషే ఆపవలసి వచ్చేదాకా ఎలా తెచ్చారో కన్నీళ్ళతో చెప్పారు. అది 36వ అధ్యాయం. ఆ తరువాత మరి రెండు అధ్యాయాలు తిప్పే తీరిక ఆయనకు చిక్కలేదు. 38వ అధ్యాయం చివర ఉన్నది జమాఖర్చుల పట్టిక. బంగారం 29 మణుగుల 730 తులాలు. ఇత్తడి 70 మణుగుల 2,400 తులాలు. వెండి 100 మణుగుల 1,775 తులాలు. ఆ వెండి ఎక్కడిదో కూడా అందులోనే ఉంది: లెక్కకు వచ్చిన మగవారు 6,03,550 మంది, తలకు అర తులం. నేను ఆదివారం రాత్రి నిద్రపట్టక గుణించి చూశాను. మొత్తం 3,01,775 తులాలు అవుతాయి. బైబిలు కొలతలో మణుగుకు 3,000 తులాల చొప్పున సరిగ్గా 100 మణుగులు పోగా 1,775 తులాలు మిగులుతాయి. ఆ 100 మణుగులతో 100 దిమ్మలు పోతపోశారు, దిమ్మకు ఒక మణుగు. మిగిలిన 1,775 తులాలు ఏమయ్యాయి? స్తంభాలకు వంకులయ్యాయి, వాటి తలలైన బోదెలకు రేకులు, చుట్టూ బిగించే పెండెబద్దలు అయ్యాయి.

వంకులు! తెర తగిలించే కొక్కేల దాకా లెక్క చెప్పారు. దేవుని పర్వతం కిందనే, మేఘస్తంభం కళ్ళెదుట ఉండగానే, దేవునితో ముఖాముఖి మాట్లాడిన మనిషి ఆజ్ఞమీదనే ఆ లెక్క రాశారు. ‘నేను దేవునికే జవాబుదారిని’ అనే హక్కు ఈ భూమిమీద ఎవరికైనా ఉంటే అది ఆ మనిషికి ఉండాలి, ఆయన ఆ మాట అనలేదు. (లెక్కలమీద అధికారి ఈతామారు స్వయానా మోషే అన్న కొడుకే అని కార్యదర్శిగారు అడ్డు తగులుతారని తెలుసు. నిజమే. కాని ఆ లెక్క మూడు వేల ఏళ్ళుగా అందరి చేతుల్లోనూ ఉంది. ప్రార్థనలో ఎవరూ వెనక్కి లాక్కోలేదు.)

అడిగినవాడిని, మోషేమీద తిరగబడిన కోరహు అనడం మన దగ్గర ఆనవాయితీ. నన్నూ ఆ సాయంత్రమే అన్నారు. కోరహు పక్షంవారిని ఎదుర్కొన్న మోషే, వారి గాడిదనొక్కదాన్నయినా తాను తీసుకోలేదని అక్కడే చెప్పుకున్నాడు. సమూయేలు ప్రవక్త ముసలితనంలో జనాన్ని సమకూర్చి, ఎవరి ఎద్దును పట్టుకున్నాను, ఎవరి దగ్గర లంచం తీసుకున్నాను, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అని తానే అడిగాడు. యూదులు కాని అన్యుల ఇంట ఎందుకు భోజనం చేశావని యెరూషలేములో నిలదీస్తే యేసు శిష్యుడు పేతురు అలగలేదు, మొదటినుంచి వరుసగా జరిగినది జరిగినట్టు చెప్పాడు.

దేవుని అభిషిక్తులను, అంటే ఆయన ఎన్నుకున్నవారిని, ముట్టకూడదన్న 105వ కీర్తన వాక్యాన్ని తమ పక్కనే ఫ్రేము కట్టించి వేలాడదీశారు గనుక దాని గురించీ ఒక మాట. ఆ కీర్తనలో హెచ్చరిక అందుకున్నవారు రాజులు. కాపాడబడినవారు కొద్దిమందిగా, పరదేశులుగా, దేశంనుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము ఇంటివారు. బలవంతుని చేయి బలహీనుని మీద పడకుండా అడ్డుపెట్టిన మాటను బలవంతుని కుర్చీకి దిండుగా కుట్టుకున్నాము. పెద్దమీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఫిర్యాదు వినవద్దని బైబిలులో తిమోతికి రాసిన ఉత్తరంలోని వాక్యమూ అంతే, ప్రతి నాయకుడికీ కంఠస్థం. దాని కిందనే, పాపం చేసిన పెద్దను అందరి ఎదుట గద్దించాలన్న వాక్యం వచ్చేసరికి మాత్రం మా బైబిళ్ళన్నిటిలో ఏకకాలంలో పేజీ చిరిగిపోతుంది.

నియమావళి ప్రతి కావాలని మూడేళ్ళ కింద పెట్టుకున్న నా అర్జీ ఇంకా ప్రార్థనలోనే ఉంది. ప్రశ్నలడిగిన యువకులు ఇద్దరు సంఘ సభ్యత్వం కోల్పోయారు, ఎందుకో వారికే చెప్పలేదు. క్రీ.శ. 325లో నైసియా పట్టణంలో కూడిన బిషప్పులు తమ ఐదో కానోనులో, అంటే నిబంధనలో, ఎవరినైనా బిషప్పు వెలివేస్తే అది అతని చిన్నబుద్ధివల్లనో పంతంవల్లనో జరిగిందేమో విచారించడానికి ఏటా రెండుసార్లు సభ కూడాలని రాసుకున్నారు. బిషప్పుకు చిన్నబుద్ధి ఉండవచ్చునని బిషప్పులే కాగితంమీద పెట్టారు. కాగితం ఒక్కటే చాలదనీ ఒప్పుకుంటాను. లైంగిక వేధింపుల విషయంలో బిషప్పులమీద వచ్చే ఫిర్యాదులకు ఒక దారి ఏర్పరుస్తూ 2019లో పోప్ ఫ్రాన్సిస్ కొత్త శాసనం తేవలసి వచ్చిందంటే, అంతవరకు ఎంతమంది గొంతులు ఏ వరండాల్లో నలిగిపోయాయో ఊహించుకోవచ్చు. అయినా వారి దగ్గర చిరగడానికి ఒక కాగితమైనా ఉంది.

ఇకమీద మర్యాద నావల్ల కాదు. విను. నీలో ఉన్న బాణాలన్నీ పైకే పోతున్నాయి. కిందివాడు పైవాడికి లోబడాలి, ఆ పైవాడు ఇంకా పైవాడికి, అందరికంటే పైవాడు ఆకాశానికి. ఆకాశం ఈ నెల లెక్క అడగదని నీకు తెలుసు, అందుకే నీకు అంత భక్తి. ఆ నిధిలో మా అమ్మ పెళ్ళి ఉంగరం ఉంది. ఆమె చివరి రోజుల్లో వేలు సన్నబడి జారిపోతుంటే తీసి కవరులో పెట్టి నాచేతే పంపింది. అది వంకు అయిందో, దిమ్మ అయిందో, ‘ఇతరములు’ అయిందో నాకు తెలియాలి. అది అడిగినందుకు నాలో దయ్యముందని చేతులుంచి ప్రార్థించడానికి ఇద్దరిని మా ఇంటికి పంపారు. ఇంటికి మనుషులను పంపే తీరిక ఉన్నవారికి ఒక కాగితం పంపే తీరిక లేకపోయింది.

కోపం కొంత దిగింది, మళ్ళీ మీరు అంటాను.

అయ్యగారు దొంగ అని నేను అనలేదు. అనుకోవడమూ లేదు. నన్ను నిద్రపోనివ్వనిది అదే. అమ్మ మంచం పక్కన మూడు రాత్రులు కుర్చీలో కునుకుతీసిన మనిషి ఆయన. నలభై మందిమి ఉన్న రోజుల్లో కానుకల సంచిని అందరి ఎదుట బల్లమీద కుమ్మరించి, తాను రెండడుగులు వెనక్కి జరిగి, “నన్ను ముట్టనివ్వకండి, మీరే లెక్కపెట్టండి” అనేవారు. యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందాను మోసుకెళ్ళడానికి అపొస్తలుడైన పౌలు తన తోటి పనివాడు తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పంపాడని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలన్నదే దానికి కారణమని మాకు మొదట చెప్పింది ఆయనే. ఈనాడు ఆయన నిర్దోషి అని నేను ఎవరితోనైనా వాదించాలన్నా నా చేతిలో కాగితం లేదు. దాన్ని ఆయన మనుషులే పట్టుకుపోయారు.

ఆ నలభై మంది రోజుల్లో తమ మొదటి రూపాన్ని గీసింది నేనేనని తమకు గుర్తుండకపోవచ్చు. చార్టు కాగితం, స్కేలు, నీలిరంగు స్కెచ్ పెన్ను. అందులో అయ్యగారి పెట్టె నుంచి సభ్యుల పెట్టెకు కిందికి దిగే బాణం ఒకటి ఉండేది. గీస్తుంటే చెయ్యి జారి కాస్త వంకరపోతే, “ఫరవాలేదు, కిందికి వచ్చింది కదా” అని ఆయనే నవ్వారు. తరువాత తమరు కంప్యూటర్లో ముస్తాబై రంగుల్లో వచ్చినప్పుడు, వంకర గీత బాగుండలేదని ఎవరో దాన్ని తీసేశారు. కొత్త చట్రం దండగని ఆ పాత చార్టుమీదనే తమను ఉంచి అద్దం బిగించారు. అంటే అది తమ వీపు వెనకే ఇప్పటికీ ఉంది.

వచ్చే ఆదివారం అందరికంటే ముందుగా వస్తాను. మేకు నుంచి దింపేటప్పుడు అద్దం పగలకుండా చూసుకుంటాను. ఆ తరువాత ఎవరైనా ప్రార్థన చేద్దామంటే తప్పకుండా చేస్తాను. కళ్ళు మాత్రం మూసుకోను.

ఇట్లు,
అట్టడుగు పెట్టెలోంచి
ఒక సభ్యుడు