పిల్లల పొడి డబ్బా కన్నా ముందు తల్లి కంచం చూడండి

బెంగళూరులో మారతహళ్లి నుంచి హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దాకా మన తెలుగువాళ్ల ఇళ్లలో రెండేళ్లు దాటిన బిడ్డ ఉంటే చాలు, వంటగది అరలో 'డీహెచ్ఏ' అని పెద్ద అక్షరాలున్న పొడి డబ్బా కనిపిస్తోంది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో చట్టం ఉంది. 1992లో వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. అందుకే కంపెనీలు ఆ వయసు దాటిన మరుక్షణం, బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదేమోనన్న తల్లిదండ్రుల భయాన్ని పట్టుకుంటున్నాయి. ఆ డబ్బాకు పెట్టే డబ్బు ఆలస్యంగా ఖర్చవుతోందని, అదీ పెట్టాల్సిన మనిషి మీద పెట్టడం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు మెదడు కణాల పొరల్లో, కంటి రెటీనాలో ఉంటుంది. బిడ్డ మెదడులోకి అది జోరుగా చేరేది కడుపులో చివరి మూడు నెలల్లోనూ, పుట్టాక మొదటి రెండేళ్లలోనూ. ముందు మాయ ద్వారా, తర్వాత చనుబాల ద్వారా అందుతుంది. తల్లి తినే తిండిలో డీహెచ్ఏ తగ్గితే ఆమె పాలలోనూ తగ్గుతుంది. అంటే డబ్బా ఇంటికొచ్చేసరికే అసలు కాలం చాలావరకు గడిచిపోయింది.

దీనికి రుజువు మన బెంగళూరులోనే ఉంది. సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2009లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. ఒకదానిలో 6 నుంచి 10 ఏళ్ల బడిపిల్లలు 598 మందికి ఏడాది పాటు పోషకాలు కలిపిన ఆహారం పెట్టారు. వాళ్లలో కొందరికి ఒమేగా-3 ఎక్కువగా, కొందరికి తక్కువగా ఇచ్చారు. ఎక్కువ అందిన పిల్లలకు రోజుకు 100 మిల్లీగ్రాముల డీహెచ్ఏ దక్కింది. ఎదుగుదలలో గానీ తెలివితేటల పరీక్షల్లో గానీ ఆ ఒమేగా-3 వల్ల తేడా రాలేదు. రెండో అధ్యయనం 676 మంది గర్భిణుల మీద చేశారు. చివరి మూడు నెలల్లో చేప ముట్టని తల్లులకు తక్కువ బరువు బిడ్డ పుట్టే ముప్పు, తిన్నవాళ్లతో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు ఉంది. ఊరు అదే, సంస్థ అదే. బడి వయసు పిల్లల్లో కనిపించని ఫలితం తల్లుల దగ్గర కనిపించింది. ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూసిన పిల్లల డాక్టరెవరైనా ఆ డబ్బా రాసే ముందు ఒక్క క్షణం ఆగాలి.

తల్లులకు డీహెచ్ఏ మాత్రలు ఇచ్చినా పిల్లల తెలివి పెరగలేదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. ఆస్ట్రేలియాలో రోజుకు 800 మిల్లీగ్రాములు, మన బెళగావిలో 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే పిల్లల వికాసంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ 70 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్షలో ఇంకో సంగతి తేలింది. గర్భిణులు ఒమేగా-3 తీసుకుంటే 34 వారాల ముందే జరిగే కాన్పులు 4.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గాయి. మెదడుకు కొవ్వు చేరే ఆ చివరి వారాలు కడుపులోనే గడవడం చిన్న లాభమా? పైగా చేపంటే ఒక్క డీహెచ్ఏ కాదు. అందులో మాంసకృత్తులు, అయోడిన్, బీ12 కూడా ఉంటాయి. మాత్రను, చేపల కూరను ఒకే గాటన కట్టలేం.

ఏ చేప అన్నదీ ముఖ్యమే. బెంగళూరులో మనవాళ్లు వెతికి మరీ కొనేది ఆంధ్రా చెరువుల శీలావతి, బొచ్చె. వాటిలో ఒమేగా-3 తక్కువ. ఇక్కడివాళ్లు బూతాయి అనే కవళ్లు (సార్డీన్ అనే చిన్న సముద్రపు చేపలు) మంగళూరు నుంచి లారీల్లో వస్తాయి. వంద గ్రాముల్లో గ్రాముకు అటూ ఇటూగా ఒమేగా-3 ఉంటుంది. ధర కూడా చాలా రోజుల్లో పొడి డబ్బా కన్నా తక్కువే. కోస్తాలో బాలింతకు సొరపిట్టు పెట్టడం మన పెద్దవాళ్లకు తెలుసు. చేప పెట్టాలన్న వాళ్ల ఆలోచన సరైనదే. కాకపోతే సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి చిన్న చేపలే మేలు. శాకాహారులు అవిసె గింజలు తింటే మంచిదే గానీ, వాటిలోని కొవ్వు మన ఒంట్లో డీహెచ్ఏగా మారేది చాలా స్వల్పం. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువైతే ఆ కాస్త మార్పుకూ అడ్డు పడుతుంది. వాళ్లు డాక్టర్ని అడిగి నాచు నుంచి తీసిన డీహెచ్ఏ వాడుకోవడం నయం.

అసలు చిక్కు చేపతో తీరేది కాదు. కడుపుతో ఉన్న కోడలు అందరికీ వడ్డించి, ఆఖర్న మిగిలింది తినే ఇళ్లు ఈ ఐటీ నగరంలో కూడా ఉన్నాయి. కూరలో ముక్కలు మగవాళ్లకు, పిల్లలకు వెళ్తాయి, ఆమెకు పులుసు మిగులుతుంది. మాంసాహారం వండకూడదన్న షరతుతో ఇల్లు అద్దెకిచ్చే ఓనర్లు ఆ పులుసు కూడా లేకుండా చేస్తున్నారు. గర్భిణి పోషణ గురించి మాట్లాడే ప్రభుత్వాలు ఈ షరతు గురించి ఒక్క మాటా మాట్లాడవు.

కర్ణాటకలో 2017లో మొదలైన మాతృపూర్ణ పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలతో వేడి భోజనం పెడుతుంది. మంచి పథకం. కానీ రాయలసీమ నుంచో పాలమూరు నుంచో వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఇసుక మోస్తున్న గర్భిణి కూలి వదులుకుని మధ్యాహ్నం అంగన్‌వాడీకి నడిచి వెళ్లగలదా? యాభై మందికి మించి ఆడ కూలీలున్న నిర్మాణ స్థలంలో పిల్లల కోసం శిశుసంరక్షణ గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. ఆ గది ముందు కట్టించాలి. మాతృపూర్ణ భోజనం అక్కడికే పంపాలి. చేప తినేవాళ్లకు వారానికి రెండు రోజులు గుడ్డుతో పాటు కవళ్ల పులుసు కూడా వడ్డించాలి.