పని గారికి ఒక బహిరంగ లేఖ

ఆమదాలవలస

మహారాజశ్రీ పని గారికి,

నమస్కారాలు. మీరు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారని తెలుసు. మా జిల్లాలో మీరు కనబడి చాలా కాలమైంది కాబట్టి ఉత్తరమే దిక్కయింది. మాటకు మాత్రం మాకు కరువు లేదు. "నీ పని చెబుతాను", "వాడి పని అయిపోయింది", "పనికిమాలినవాడా" అంటూ మా ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మీ నామస్మరణే. సరుకు లేని దుకాణానికి ఇంత పెద్ద బోర్డు నేను మరెక్కడా చూడలేదు.

మీ మీద నా ఫిర్యాదు ఎర్నాకుళంలో పుట్టింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండెక్కి అక్కడ దిగి, ఒక మేడ కడుతున్నచోట మేస్త్రీని పట్టుకుని "పని ఉందా?" అన్నాను. ఆయన తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "పని ఇల్ల" అన్నాడు. ఇల్ల అంటే లేదని తమిళ సినిమాల పుణ్యమా అని తెలుసు. సరే, లేదు కాబోలు అనుకుని పక్క వీధికి వెళ్లాను. అక్కడా ఇల్ల. రెండో రోజు ఒక పెద్దాయన నన్నే జాలిగా చూసి, నా మెడ కింద చెయ్యి ఆనించి, జేబులోంచి మాత్ర తీసి ఇచ్చాడు. కేరళలో కూలీ అడిగితే మాత్ర ఇస్తారేమో, ఇదేదో ముందు జాగ్రత్త కాబోలని మింగేశాను.

మూడో రోజు సోంపేట వైపు మనిషి ఒకాయన కనబడి, విషయం విని, నవ్వడం ఆపుకోలేక ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాడు. మలయాళంలో పని అంటే జ్వరమట. నేను మూడు రోజులుగా ఊళ్లో మేస్త్రీలందరినీ జ్వరం ఉందా అని పరామర్శిస్తున్నాను. కూలిపని కావాలంటే నాలుక మడిచి "పణి" అనాలట.

తప్పు మీదో మాదో ఇక్కడే తేల్చుకుందాం. తమిళం, మలయాళం మీ ణకారాన్ని భద్రంగా దాచుకున్నాయి. వాళ్లు కణ్ అనేదాన్ని మనం కన్ను అన్నాం, మణ్ అనేదాన్ని మన్ను అన్నాం, ఆ ఊపులోనే పణిని పని చేసి పెట్టాం. మీ పేరు పలకడానికే నాలుక మడవలేకపోయినవాళ్ల ఇంటికి మీరు రాలేదని నిష్ఠూరమాడటం న్యాయం కాదేమో. అయినా ఆడతాను.

ఆ జ్వరానికి, మీకు రక్తసంబంధం లేదట. అది వేరే ఇంటి పిల్ల. తమిళంలో ఆ పని అంటే మంచు, చలి. కేరళ చేరేసరికి ఆ చలి వణుకై, జ్వరమైంది. కన్నడంలో పకారం పోయి హకారం వచ్చి "హని" అయింది, అంటే చుక్క. మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర చల్లే పన్నీరు కూడా ఆ మంచింటి నీరే. లోపలికి వెళ్లి విస్తరి ముందు కూర్చుంటే వడ్డించే పనీరు మాత్రం పారశీకుల జున్ను. ఆ రెంటికీ తేడా తెలియని మా తోడల్లుడు పన్నీరు చల్లినప్పుడల్లా నోరు తెరుస్తాడు.

ఇటు ఇచ్ఛాపురం దాటితే మీరు నీళ్లవుతారు. ఒడియావారి పాణి, హిందీవారి పానీ, గుజరాతీవారి పాణీ అన్నీ సంస్కృత పానీయం పిల్లలు. మీకు చుట్టాలు కారు, పోలిక మాత్రం ఉంది. ఆ పోలికను నమ్మినట్టే మా తీరం మత్స్యకారులు మిమ్మల్ని వెతుక్కుంటూ గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి అక్కడి పడవల్లో చేరతారు. 2018 చివర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లున్న పడవలు హద్దు దాటాయని పాకిస్తాన్ పట్టుకుంది. అందులో 20 మంది వాఘా దగ్గర మళ్లీ మన నేల మీద కాలు పెట్టేసరికి 2020 జనవరి వచ్చింది. పాణీ మీద గీత కనబడదు. మీరు కనబడి ఉంటే వాళ్లకు ఆ గీతతో అవసరమే ఉండేది కాదు.

చదువుకున్నవాళ్లు "కంపెనీలో పని" అంటుంటే, మీరు ఆ కంపెనీ అనే మాట నడుమనే దాక్కున్నారని కొన్నాళ్లు భ్రమపడ్డాను. వెతికితే అక్కడ దొరికింది లాటిన్ "పానిస్", అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్ల గుంపు కంపెనీ అట! అలాంటి ఒక కంపెనీ, ఈస్టిండియావారిది, మా విజయనగరం విజయరామరాజుతో రొట్టె పంచుకున్న తీరు ఇక్కడ అందరికీ తెలుసు. పేష్కష్, అంటే కప్పం, బాకీ అడుగుతూ వచ్చి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ప్రాణమే వసూలు చేసుకుపోయింది.

పక్కింటి కుర్రాడు పోలండులో చదువుతున్నాడు. అక్కడ గౌరవనీయురాలైన స్త్రీని పని అంటారట. ఇంటి యజమానురాలిని రోజూ అలాగే పిలుస్తున్నానని ఫోనులో చెప్పాడు. వాళ్లమ్మ అంట్లు తోముతూనే, "వాళ్లు పేరైనా పెట్టారు, మాకు ఆ గౌరవం కూడా లేదు" అంది.

ఈ రాత్రి మా అన్నయ్య కొడుకు ఎర్నాకుళం వెళ్తున్నాడు. నా అనుభవం వృథా పోకూడదని సాయంత్రం కూర్చోబెట్టి, నాలుక మడిచి "పణి, పణి" అని వందసార్లు అనిపించాను. వాడు ఓపికగా అని, చివరికి సంచీ సర్దుకుంటూ చెప్పాడు.

"చిన్నాన్నా, ఇప్పుడు అక్కడ కూలీలంతా బెంగాలువాళ్లు, ఒడిశావాళ్లు. మేస్త్రీలు కూడా హిందీయే మాట్లాడుతున్నారు. పని అననక్కర్లేదు. కామ్ అంటే చాలు."

కామ్ అంటే మా వైపు నోరు మూసుకుని కూర్చోవడం. కూర్చున్నాను.

ఇట్లు,
మీ కోసం బండెక్కి జ్వరం మాత్ర మింగి వచ్చినవాడు