ఒక్కసారి కూడా వెయ్యని ఫోర్ బై ఫోర్

హైదరాబాద్‌లో ఏ సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీకి వెళ్లి ఫోర్ బై ఫోర్ బండి కావాలన్నా, అక్కడి మనిషి ముందుగా వినిపించే సుగుణం ఒకటే: "అన్నా, ఓనరు ఒక్కసారి గూడ ఫోర్ బై ఫోర్ ఏయలే. ఆ లీవర్ ముట్టనే ముట్టలే. డాక్టర్ బండి." ఇంతవరకు ఒక్క బొట్టు నీళ్లు తోడలేదని చెప్పి బోరు మోటారు అమ్మబోతే కొనేవాడు లేచి వెళ్లిపోతాడు. ఇక్కడ మాత్రం కొనేవాడి మొహం వెలిగిపోతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి కోసం లక్షలు ఎక్కువ పోసి, ఆ నాలుగూ ఎన్నడూ లాగలేదన్న హామీకి ఇంకాస్త పోసే ఈ సంప్రదాయాన్ని పామరులు వెర్రి అనుకోవచ్చు. దీని వెనక లోతైన ఆలోచన ఉందని నా నమ్మకం. కొనబోయే విజ్ఞుల సౌకర్యార్థం దాన్ని కొంచెం విప్పి చెబుతాను.

మన మార్కెట్లో దొరికే పాత ఫోర్ బై ఫోర్లన్నీ రెండు వంశాల నుంచే వస్తాయి. లీవర్ ముట్టనివాళ్లది ఒకటి, లీవర్ వదలనివాళ్లది ఇంకొకటి. మధ్యస్థులు ఉంటారు గానీ వాళ్లు బండి అమ్మరు.

మొదటి వంశం వారి బండి జూబ్లీహిల్స్‌లో బయల్దేరి మొయినాబాద్ ఫాంహౌస్ దాకా పోయి, సాయంత్రానికి జూబ్లీహిల్స్ చేరుకుంటుంది. దారి పొడవునా తారు. ఫాంహౌస్ గేటు దాటాక టైల్స్. 2020 అక్టోబర్‌లో వచ్చిన మహీంద్రా థార్‌కి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య జాగా, 226 మిల్లీమీటర్లు. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. అంటే స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ఇంకా 126 మిల్లీమీటర్ల పరువు మిగిలే ఉంటుంది. బండికి పెట్టే అదనపు ధరంతా ఆ మిగులుకే. (కాలనీ అసోసియేషన్ల వాళ్లు దగ్గరుండి పోయించే స్పీడ్ బ్రేకర్లు ఏ కాంగ్రెస్ లెక్కకూ లొంగవు కాబట్టి, ఈ వంశం వారికి ఎంతో కొంత ఆఫ్‌రోడ్ అనుభవం ఉందనే ఒప్పుకోవాలి.)

ఈ వంశంలోనే ఒక ఉపశాఖ ఉంది. తెల్ల చొక్కా, తెల్ల ఫార్చ్యూనర్, అద్దం మీద ఎవరిదో స్టిక్కర్. ఫార్చ్యూనర్ మన దేశానికి 2009లో వచ్చినప్పుడు నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే రకంగానే వచ్చింది. 2012లో వెనక చక్రాలు మాత్రమే లాగే రకం దిగింది. ప్రజాసేవకు రెండు చక్రాలు చాలునని అప్పుడే తేలిపోయింది. ఇవాళ కాన్వాయ్‌లో దుమ్ము లేపుకుంటూ పోయే తెల్ల ఫార్చ్యూనర్ని చూసి "అమ్మో, ఫోర్ బై ఫోర్" అని ముచ్చటపడే ముందు వెనక బ్యాడ్జీ చూడండి. బ్యాడ్జీ చూసి నమ్మే ముందు లోపల చూడండి. ఎందుకంటే బ్యాడ్జీలు స్టిక్కర్ల దుకాణంలో కూడా దొరుకుతాయి.

ఈ జాగ్రత్త థార్ కొనేవాళ్లకు మరీ అవసరం. 2023 జనవరి నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే థార్ కూడా వచ్చింది. బయటి నుంచి చూస్తే అదే ఒడ్డూ పొడుగూ, అదే గాంభీర్యం. లోపల గేర్ రాడ్ పక్కన ఫోర్ బై ఫోర్ లీవర్ ఉండాల్సిన చోట మాత్రం చిన్న చిల్లర అర ఉంటుంది. ఆ అరలో టోల్ రసీదులు, లవంగాల పొట్లం కనిపిస్తే బ్యాడ్జీ ఏం చెప్పినా వినకండి. నిజాయతీగా ఆలోచిస్తే, మన వాడకానికి లీవర్ కన్నా ఆ అరే ఎక్కువ పనికొస్తుంది. తయారుచేసిన వాళ్లకు మన గురించి మనకంటే బాగా తెలుసని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ముట్టని లీవర్ మహిమ. ఫోర్ బై ఫోర్ అంటే లీవర్ ఒక్కటే కాదు. గేర్ బాక్స్ వెనక ఇంజిన్ శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, అక్కడి నుంచి ముందుకు పోయే ఇంకో ప్రొపెల్లర్ షాఫ్ట్, మలుపులో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ముందు యాక్సిల్లో ఇంకొకటి, కొన్ని బండ్లలో చక్రాల దగ్గర పట్టుకునే హబ్బులు. మారుతి జిమ్నీ లాంటి వాటిలో ఆ హబ్బులు పట్టుకోవాలంటే సన్నటి వాక్యూమ్ పైపులు గాలి లాగాలి. ఏళ్ల తరబడి కదపకపోతే పైపులు పగుళ్లు బారతాయి, లీవర్ కింది లింకులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, డయల్ తిప్పే బండ్లలో లోపలి చిన్న మోటారు మొరాయిస్తుంది, నూనె అందని సీళ్లు ఎండిపోయి కారడం మొదలుపెడతాయి. టయోటా మాన్యువల్ అయితే నెలకు కనీసం 16 కిలోమీటర్లు నాలుగు చక్రాల మీద నడపమని ప్రాధేయపడుతుంది. డాక్టర్ గారు ఆ పేజీ చదవలేదు. ఆయన రోగులు మందు చీటీ చదవరు కదా, దానికిది చెల్లు.

కాబట్టి "ఒక్కసారి గూడ ఏయలే" అన్న మాటను నేను ఇలా అర్థం చేసుకుంటాను: అది పనిచేస్తుందో లేదో ఓనరుకు తెలీదు, అమ్మేవాడికి తెలీదు, తెలుసుకునే గౌరవం మనకు దక్కింది.

రెండో వంశం వారి దగ్గర ఆ సందేహం ఉండదు. అక్కడ లీవర్ పనిచేసి చేసి అరిగిపోయి ఉంటుంది. బండి మూడంగుళాలు లేచి, 33 అంగుళాల మడ్ టైర్లు తొడుక్కుని, ముందు దిగబడిన బండిని తాడుతో లాగే వించి, పైన ఎల్ఈడీ పట్టీ, పక్కన ఇంజిన్‌కి నీటి పైనుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టంతో నిలబడి ఉంటుంది. ఆ టైర్లతో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ చేరేలోపు పక్కవాడితో మాట్లాడాలన్న కోరిక పోతుంది. తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే ఎక్కడ ఆగుతుందన్నది బండి ఇష్టం. స్నార్కెల్ అంటారా, హైటెక్ సిటీ సెల్లార్లో పార్క్ చేసే బండికి అదెందుకని నవ్వేవాళ్లున్నారు. వానాకాలంలో మన సెల్లార్లు చూసినవాళ్లు నవ్వరు.

ఇన్ని అలంకారాల మీద ప్రభుత్వానికీ కోర్టుకీ ఒక అభిప్రాయం ఉంది. బంపర్ ముందు బిగించే ఇనుప బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబర్లో రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోందని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అమ్మేవాడు "మాడిఫికేషన్లకే నాలుగు లక్షలైంది సార్" అంటూ ఆ ఖర్చు మన లెక్కలో కలుపుతాడు. రేపు ఆర్టీఓ ఆఫీసులో ఆ నాలుగు లక్షలూ విప్పి పక్కన పెట్టించాల్సి వస్తే, ఆ కూలి కూడా మన లెక్కలోనే. రెండు బండ్లు ఒకే ధరలో దొరికితే కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బోసి బండి తీసుకోండి. ఫొటోల్లో అందం తగ్గుతుందనుకుంటే ఫొటోకి మిత్రుడి బండి అడగండి.

బండి కిందికి దూరి చూడమంటే చాలామంది చొక్కా గురించి ఆలోచిస్తారు. ముప్పై లక్షల బండిని ఇస్త్రీ చొక్కా కోసం చూడకుండా కొన్న మహానుభావులను ఎరుగుదును. గుంత ఉన్న మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి టార్చి వేయండి. డిఫరెన్షియల్ హౌసింగ్ అడుగున గీతలుంటే రాళ్ల మీద కూర్చుందన్నమాట, అది నేరమేమీ కాదు. సైలెన్సర్ గొట్టం నొక్కుకుపోయిందా, చాసిస్ మీద కొత్త వెల్డింగుందా, కమాన్ పట్టీలో ఏదైనా విరిగిందా అన్నవి అసలు ప్రశ్నలు. పదేళ్ల బండికి కింద మిలమిలలాడే నల్లరంగు కొట్టించి ఉంటే ఆ రంగు దేన్ని దాస్తోందో అడగండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం బండ్లకు ఆ రంగు కింద తరచుగా తుప్పు ఉంటుంది. ఉప్పు గాలి డాక్టర్ బండనీ వదలదు.

హౌసింగ్ నూనె చుక్క తీయించి చూడటం ఇంకా ముఖ్యం. దూరం నడిచి వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది. లోపలికీ బయటికీ గాలి ఆడనిచ్చే పైనున్న బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే ఆ యాక్సిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది. నీళ్లు కలిసిన నూనె తెల్లగా, చిక్కగా మారుతుంది. ఆ రంగు చూశాక "వాగు దాటించలేదు సార్" అన్న మాటకు విలువ లేదు.

వాగు దాకా పోకుండానే మునిగిన బండ్లు కూడా ఉన్నాయి. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బండ్లు ఇంటి ముందు నిలబడినచోటే నీటిలోకి పోయాయి. అలాంటి బండి కడిగి తుడిచి ఇంకో జిల్లాలో అమ్మకానికొస్తే కనిపెట్టే తేలిక మార్గం సీటు బెల్టు. చివరికంటా బయటికి లాగండి. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ మూరెడు ముక్క మీద బురద చార ఉంటుంది. బండి కడిగించేవాళ్లకు అది గుర్తుకు రాదు, ఎందుకంటే మనవాళ్లు సీటు బెల్టును అంతదూరం లాగిన సందర్భాలు తక్కువ.

ట్రయల్ విషయంలో అమ్మేవాళ్లకో ముచ్చట ఉంది. నున్నటి తారు రోడ్డు మీద ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి "గ్రిప్ చూడండి సార్" అని మలుపు తిప్పుతారు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేని బండ్లు, అంటే థార్, జిప్సీ, జిమ్నీ, 2016 తర్వాతి ఫార్చ్యూనర్ వంటివి, ఆ తేడాను సర్దుకోలేవు. పొడి తారు మీద చక్రం జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో చుట్టుకుంటుంది. బండి కుంటుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది. అమ్మేవాడు దానికే గ్రిప్ అని పేరు పెట్టాడు. మీరు మాత్రం ఏదైనా ఖాళీ వెంచరుకు తీసుకెళ్లండి, నగర శివార్లలో వాటికి కరువు లేదు. వదులు మట్టిలో ఫోర్ హై వేయించి, కిందికి దిగి, ముందు చక్రాలు కూడా మట్టి చిమ్ముతున్నాయో లేదో చూడండి. డ్యాష్‌బోర్డులో లైటు వెలిగితే చాలదు, లైటు వెలగడం వేరు, చక్రం లాగడం వేరు. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి 'ఫోర్ లో' (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయండి. పడాలి. పడ్డాక, ముఖ్యంగా, తిరిగి రావాలి. రాకపోతే ఇంటికి గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో, ఎంతో హుందాగా వెళ్తారు.

ఏ బండి అన్నదానికి నా దగ్గర పెద్ద వాదం లేదు. జిప్సీ 1985లో వచ్చి 2019లో సెలవు తీసుకుంది. తేలిక, మొండిది, ఎక్కడికైనా పోతుంది, వెనక కూర్చున్నవాళ్లు మళ్లీ రారు. జిమ్నీలో ఫోర్ బై ఫోర్ లేని రకమే లేదు కాబట్టి బ్యాడ్జీ మోసం కుదరదు, ఆ ఒక్క కారణానికే గౌరవిస్తాను. ఇసుజు వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, పార్కింగ్ దొరికితే మంచి బండి. ఎండీవర్ అద్భుతం, కాకపోతే ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే చెప్పేసింది, విడిభాగాల వేట కూడా ఒక సాహసయాత్రే అనుకునేవాళ్లకు సరిపోతుంది. ఢిల్లీ డీజిల్ బండి చవకగా వచ్చిందంటారా, పదేళ్లు దాటిన డీజిళ్ల మీద అక్కడ నడిచిన ఆంక్షల పుణ్యమది. ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉందో లేదో, లోను క్లియరైందో లేదో చూసుకుని, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా కలిపి, అప్పుడు ఆ మాట ఇంకోసారి అనండి.

ఇంత చదివి "అసలు ఇదంతా మనకవసరమా" అని ఇంట్లో ఎవరైనా అడగవచ్చు. పాడేరు ఏజెన్సీలో సంతరోజు లోపల, పైన, వెనక మనుషుల్నీ పసుపు బస్తాల్నీ ఎక్కించుకుని ఘాట్ ఎక్కే పాత కమాండర్ జీపును వాళ్లు అప్పుడు తప్పకుండా గుర్తుచేస్తారు. వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి, ముందు లైటొకటి వెలగదు, అయినా వంజంగి మబ్బులు చూడటానికొచ్చిన మన ఫోర్ బై ఫోర్‌కి దారి ఇచ్చి మరీ ముందు చేరుతుంది. ఈ వాదనకు జవాబు లేదు. జవాబు లేని వాదన వచ్చినప్పుడు మాట మార్చి సూర్యలంక బీచ్ ఇసుక గురించి చెప్పాలి: టైర్లలో గాలి పదిహేను, పద్దెనిమిది పీఎస్ఐకి దించితే బండి ఇసుక మీద తేలుతుందనీ, తిరిగి గాలి కొట్టుకోవడానికి చిన్న కంప్రెసర్ కొనాలనీ.

తాండూరు వైపు నల్లరేగడి గురించి మాత్రం ఇంట్లో చెప్పకండి. ఒక వాన పడ్డాక ఆ మట్టి టైరు గాళ్లలో నిండి, చక్రం నున్నటి రోకలై తిరుగుతుంది. అక్కడ రెండు లాగినా నాలుగు లాగినా ఫలితం ఒకటే, నాలుగైతే కాస్త లోతుగా దిగబడుతుంది. అందుకే బయానా ఇచ్చే ముందు బండి ముందూ వెనకా వంగి చూడండి, లాగే కొక్కెం చాసిస్‌కి బిగించి ఉందా, లేక ఆ అందమైన బంపర్‌కి తగిలించిన ఎర్రరంగు బొమ్మా అన్నది తేల్చుకోండి. చేనుగట్టు మీద ట్రాక్టర్ ఆపుకుని గొలుసు విప్పుతున్న రైతు మీ బ్యాడ్జీ చదవడు. "హుక్కేడుంది సారూ?" అని అడుగుతాడు, అంతే.